కత్తి వెన్ను మీది అక్షరాలు

సభకు నమస్కారం.

పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా అశ్వికదళ కత్తి చేతికి రాగానే మన చూపు వాదర మీదికి, ఆ తర్వాత పిడి మీదికి పోతుంది. మీరు మాత్రం ముందు దాని వెన్నును, తర్వాత ఒరను చూడాలని, మెరుగు పెట్టే ఆలోచన అసలే పెట్టుకోవద్దని కోరడానికి నేను ఈరోజు మీ ముందు నిలుచున్నాను.

నెపోలియన్ రౌతులు వాడిన, ఫ్రెంచి విప్లవ పంచాంగం ప్రకారం ‘పదకొండో సంవత్సరపు నమూనా’ అనే కత్తిని తీసుకుందాం. ఇత్తడి పిడి, వేళ్ళకు కాపుగా మూడు కమ్మీలు, బరువైన ఇనుప ఒర దాని ఆనవాళ్ళు. ఆల్సేస్ ప్రాంతంలోని క్లింగెన్తాల్ కర్మాగారంలో తయారైన ఈ కత్తుల వెన్ను మీద కర్మాగారం పేరు, నెల, సంవత్సరం సన్నని అక్షరాలతో చెక్కి ఉంటాయి. చక్రవర్తి పాలనలో ‘సామ్రాజ్య కర్మాగారం’ అని చెక్కిన చోటనే, బోర్బన్ రాజులు తిరిగివచ్చాక ‘రాజ కర్మాగారం’ అని చెక్కారు. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో నేను ఇటువంటి కత్తినొకదాన్ని గరుకు కాగితంతో రుద్దాను. తుప్పుతో పాటు నెల పేరు, సంవత్సరంలోని చివరి రెండంకెలు చెరిగిపోయాయి. అది నెపోలియన్ రష్యా మీదికి దండెత్తక ముందు తయారైందో, రష్యాలో సైన్యం నాశనమయ్యాక 1813లో కొత్తగా నింపిన దళాల కోసం తయారైందో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ బాధ నాకు ఈనాటికీ తీరలేదు.

బ్రిటిష్ వారి 1796 నమూనా కథ మన దాకా వస్తుంది. ఫ్లాండర్స్ యుద్ధంలో తమ రౌతుల కత్తులు ఎంత పనికిమాలినవో కళ్ళారా చూసిన బ్రిటిష్ సైనికాధికారి జాన్ గాస్పర్డ్ లె మార్చంట్, బర్మింగ్‌హామ్‌కు చెందిన హెన్రీ ఆస్బర్న్‌తో కలిసి దీనికి రూపమిచ్చాడు. సుమారు 33 అంగుళాల పొడవున్న ఈ వంపు కత్తి మొన దగ్గర సన్నబడకుండా వెడల్పవుతుంది. అందువల్ల నరికే చోటికే బరువు చేరుతుంది. ప్రష్యా వారు 1811లో దీన్నే అనుసరించారు. లె మార్చంట్ మరుసటి ఏడు సలమాంకా యుద్ధంలో మరణించాడు.

తర్వాతి కాలంలో బ్రిటిష్ సైన్యం పక్కన పెట్టిన పాత కత్తులు కొన్ని నిజాం సేవలోని రౌతులకు చేరాయి. మద్రాసు ప్రాంతంలో పనిచేసిన బ్రిటిష్ కెప్టెన్ లూయిస్ నోలన్, 1853లో అచ్చయిన తన గ్రంథంలో వారి గురించి రాశాడు. వారి దెబ్బల తీవ్రత విని ఆశ్చర్యపడి ఆ కత్తులను పరిశీలిస్తే, అవి తమ సైన్యం వదిలేసినవేనని తేలింది. నిజాం రౌతులు వాటికి తమ పద్ధతిలో లోహపు పిడులు వేసి, మంగలికత్తిలా పదును పెట్టి, చెక్క ఒరల్లో ఉంచి, యుద్ధంలో తప్ప బయటికి తీసేవారు కాదు. ఇనుప ఒరలోంచి తీసిన ప్రతిసారీ వాదర రాసుకుని మొద్దుబారుతుంది. చెక్క ఒరలో అలా జరగదు. తేడా అంతా అక్కడుంది. ఆ గ్రంథం అచ్చయిన మరుసటి సంవత్సరం బాలక్లావా యుద్ధంలో నోలన్ కన్నుమూశాడు.

కాబట్టి తల్వారు పిడికి బిగించిన ఐరోపా అలుగు కనిపిస్తే, దాన్ని అతుకుల బొంతగా భావించి పిడి ఊడదీయకండి. దక్కనులో అది బతికిన బతుకు ఆ అతుకులోనే ఉంది.

నకళ్ళ విషయానికి వస్తే, అసలు అలుగు పిడి దగ్గర మందంగా మొదలై మొనవైపు పలచబడుతుంది, నకలు చాలాసార్లు ఒకే మందంతో ఉంటుంది. నూరేళ్ళు దాటిన వస్తువులకు మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం వర్తించవచ్చు గనుక, విదేశాలకు పంపాలనుకునేవారు ముందుగా అధికారులను సంప్రదించాలి.

ఈ బల్ల మీద నాలుగు కత్తులున్నాయి. చేతి చెమట ఇనుము మీద మచ్చ వేస్తుంది గనుక, పక్కనున్న నూలు తొడుగులు వేసుకుని ఒక్కొక్కరుగా వచ్చి చూడండి. ఎడమ చివర ఉన్నది నేను రుద్దిన కత్తే. దాని వెన్ను మీద దీపం వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే, మిగిలిన ఆ రెండంకెలు, 1, 8, కనిపిస్తాయి.