లీడ్స్ సీమ్, మా సీమ గాలి

హాయ్ అండి అందరికీ. మైక్‌లో బుస్సుమని వినిపిస్తోంది కదా, అది ఫోన్ ప్రాబ్లం కాదు. మా అనంతపురం గాలి. ఆషాఢం పోయింది గానీ గాలి ఇంకా పోలేదు. రామగిరి వైపు కొండల మీద అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు మరి.

పొద్దున ఆరున్నరకు గ్రౌండ్‌కి ఎందుకొచ్చామంటే, మా ఆయన బౌలింగ్ చూపిస్తానన్నారు. ఇంగ్లండ్‌లో మేముండే లీడ్స్‌లో శనివారం శనివారం క్లబ్ మ్యాచ్‌లు ఆడతారని పాత వీడియోల్లో చూశారుగా. అక్కడ మబ్బు పడితే చాలు, ఆయన బంతి గుమ్మం దాటిన పిల్లిలా పక్కకి తిరుగుతుంది. ఆ ధైర్యంతో ఈసారి సూట్‌కేసులో పచ్చళ్లకు చోటు కావాలని నేను ఏడుస్తుంటే, అక్కడ ఆడే డ్యూక్స్ కంపెనీ బంతి ఒకటి సాక్సులో చుట్టి తెచ్చుకున్నారు.

అంపైర్ మా నాన్న. రిటైరైన డ్రిల్లు సారు. మా ఆయన మా మేనత్త కొడుకే కాబట్టి అల్లుడి మర్యాదలేమీ ఉండవు, మేనల్లుడి మర్యాదలే.

మొదటి ఓవర్ ఆరు బంతులూ చీపురుపుల్లలా నేరుగా వెళ్లాయి. రెండో ఓవర్లో ఒకటి కాస్త వంగింది. "అది గాలి తోసింది లేప్పా, నువ్వు కాదు" అన్నాడు నాన్న.

"ఇక్కడ గాలిలో తేమ లేదు మామా, అందుకే" అని మా ఆయన. అందరం అనుకునేదే కదా ఇది? తేమ ఉంటే గాలి బరువెక్కుతుంది, బంతి తిరుగుతుంది అని. నేనూ అట్లే అనుకునేదాన్ని. కానీ నీటి ఆవిరి గాలి కంటే తేలిక. తేమగా ఉన్న గాలి నిజానికి పొడిగాలి కంటే కొంచెం పలచన. నాసాలో పనిచేసిన రవీంద్ర మెహతా క్రికెట్ బంతి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు (ఇమ్రాన్ ఖాన్‌తో ఒకే స్కూల్లో చదువుకున్నాయన), ఆయనకూ తేమతో స్వింగ్, అంటే గాలిలో బంతి పక్కకి తిరగడం, పెరిగినట్టు కనబడలేదు.

మరి మబ్బు రోజున ఎందుకు తిరుగుతుంది? బంతికి ఒక వైపు మెరుపు, మధ్యలో కుట్టు (అదే సీమ్) ఏటవాలుగా ఉంటుంది. నున్నటి వైపు గాలి బంతి ఒంటిని త్వరగా వదిలేస్తుంది. కుట్టు తగిలి చెదిరిన గాలి మాత్రం ఇంకొంచెం సేపు అంటుకుని వెనక దాకా వస్తుంది. ఆ తేడాకే బంతి కుట్టు చూపించే వైపు వాలుతుంది. అంటే నున్నటి వైపు గాలి ప్రశాంతంగా ఉండాలి. ఎండ కాస్తే నేల వేడెక్కి గాలి పైకి లేచి కలగాపులగం అవుతుంది. మబ్బు ఉంటే ఆ కదలిక తక్కువ. 2012లో షెఫీల్డ్, ఆక్లండ్ పరిశోధకులు చెప్పిన అంచనా ఇది. నాకైతే ఇదే సరైనదనిపిస్తుంది. లీడ్స్‌లో మబ్బు రోజున మా పెరట్లో ఆకు కూడా కదలదు. ఇక్కడ చూడండి, నా చున్నీ నా మాటే వినడం లేదు.

ఇంకో సంగతి. నాలుగో ఓవర్ అయ్యేసరికి ఆ డ్యూక్స్ బంతి మా గ్రౌండ్ గరుసుకి గీసుకుపోయి, పీచు తీసిన టెంకాయలా అయ్యింది. అక్కడ పచ్చగడ్డి మీద దొర్లే బంతికి మెరుపు చాలాసేపు నిలుస్తుంది. ఇక్కడ రుద్దుదామన్నా చెమట చుక్క ఉండదు, పట్టేలోగా గాలి తాగేస్తుంది. ఉమ్ము రాయడం అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో 2020లోనే ఆపేశారాయె. ఇలా గరుకైన బంతితో రివర్స్ స్వింగ్ (మామూలు స్వింగ్‌కి ఉల్టా వైపు తిరగడం) చేయొచ్చు కదా అని కామెంట్ పెడతారు మీరు. దానికి మంచి వేగం కావాలి. మా ఆయన వేగం గురించి ఈ వీడియోలో వద్దులెండి.

అప్పుడు నాన్న టోపీ నాకిచ్చి బంతి తీసుకున్నాడు. అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పి, రెండడుగుల రనప్. గాలికి ఎదురు వచ్చే ఎండ్ కావాలన్నాడు. మామూలుగా అందరూ గాలి వెనక నుంచి వేయాలనుకుంటారు కదా. ఆఫ్ స్పిన్, బాగా పైకి విసిరాడు. మా ఆయన బంతి దగ్గరకు వస్తుందనుకుని ముందుకొచ్చారు. అది గాలికి ఎదురెళ్లి, ఎవరో దారం పట్టుకుని లాగినట్టు అడుగు ముందే దిగిపోయింది. బ్యాట్ ఒక చోట, బంతి ఒక చోట. మిడిల్ స్టంప్. మళ్లీ వేయమన్నారు. మళ్లీ అదే. ఆ రెండోది స్లో మోషన్‌లో పెడుతున్నా, నాన్న అడిగాడు కాబట్టి.

కారణం సింపులే. ఎదురుగాలి ఉంటే బంతికి గాలి తగిలే వేగం పెరుగుతుంది. దాంతో అది త్వరగా నెమ్మదిస్తుంది, పైన్నుంచి కిందికి తిప్పిన బంతి అయితే ఇంకా త్వరగా కిందికి దిగుతుంది. "శీతాకాలం పొద్దునైతే నేనీ వేషాలు వేయను. మంచుకు బంతి సబ్బుబిళ్ల అయితాది, వేళ్లకు దొరకదు" అన్నాడు. ఐపీఎల్ రాత్రి మ్యాచ్‌ల్లో స్పిన్నర్లు టవల్‌తో బంతి తుడుచుకుంటూ పడే తిప్పలు అవే.

తిరిగొస్తూ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్ వైపు వెళ్లాం. 2024 సెప్టెంబర్‌లో ఇక్కడే దులీప్ ట్రోఫీ జరిగింది, మానవ్ సుతార్ 49 పరుగులకు 7 వికెట్లు తీశాడు. ఎడమచేతి స్పిన్నర్ అని నాన్న మూడుసార్లు గుర్తు చేశాడు. మా ఆయన వెంటనే లీడ్స్‌లోని హెడింగ్లీ స్టేడియం గురించి, అక్కడ టాస్‌కి ముందు పిచ్ కాదు ఆకాశం చూస్తారని మొదలుపెట్టారు. "2002లో అదే ఊర్లో, అదే మబ్బులో గంగూలీ బ్యాటింగ్ తీసుకున్యాడు కదప్పా. ద్రావిడ్ 148, సచిన్ 193, గంగూలీ 128. ఇన్నింగ్స్ తేడాతో గెలిచినారు. మబ్బు ఒక్కటే వికెట్లు తీస్తాదా?" అన్నాడు నాన్న. కారులో ఇంకెవరూ మాట్లాడలేదు. అమ్మ చేసిన ఉగ్గాని, బజ్జీ తినేదాకా.

సాయంత్రం ఇది చూడండి, పడమట నల్లగా మబ్బు కమ్మింది. గాలి ఒక్కసారిగా ఆగింది. మా ఆయన ఆ చెక్కుకుపోయిన బంతి తీసుకుని మేడెక్కేశారు, గోడకు వేసి చూస్తారట. కింద వంటింట్లోంచి అమ్మ: "ఈ ఊరి మబ్బును నమ్ముకోవద్దని చెప్పు మీ ఆయనకు. ఎట్లా పైకి పోయినాడు కదా, ఆరేసిన బట్టలు తెమ్మను."

నాలుగు చినుకులు పడ్డాయి. బట్టలు తడవలేదు.