ఆకలి ఉండీ తినని పిల్ల

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ నా ముందు వాళ్ళు చదివేశారు, మళ్ళీ చదవను. ఈరోజు ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం కాబట్టి గిడుగు రామమూర్తి గారి గురించి పావుగంట మాట్లాడమన్నారు. ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాసి, జనం మాట్లాడే తెలుగే బళ్ళో ఉండాలని పోరాడిన మనిషి. ఆయన పేరు చెప్పుకుని నా గోడు ఒకటి మీ ముందు వెళ్ళబోసుకుంటాను, పిలిచినవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

మా చెల్లెలి మనవరాలికి పదహారేళ్ళు. ఈ సంగతి చెప్పమని తనే అంది, పేరు మాత్రం వద్దంది. రెండేళ్ళ కిందట కార్తీక సోమవారాలు ఉపవాసం మొదలెట్టింది. మార్గశిరంలో లక్ష్మీవారాలు, పక్కింటి ఒడియా వాళ్ళు మాణబసా అనే లక్ష్మీపూజ చేసుకుంటుంటే వాళ్ళతో కలిసి ముగ్గులు వేసి రోజంతా ఏమీ తినేది కాదు. ఆ పైన శనివారం చేరింది. మాఘం కూడా వెళ్ళిపోయింది, పిల్ల ఉపవాసాలు మాత్రం ఆగలేదు. ఎంత భక్తో అని నలుగురిలో మెచ్చుకున్నది ఎవరనుకున్నారు? నేనే. ముప్ఫై ఏళ్ళు బళ్ళో జీవశాస్త్రం చెప్పినదాన్ని!

ఇంకో విచిత్రం. ఎప్పుడు చూసినా వంటింట్లోనే ఉండేది. మాకు దాల్మా, చోడి అట్లు వండి కొసరి కొసరి వడ్డించేది, ఫోన్లో అన్నీ వంటల వీడియోలే. "నువ్వు కూర్చోవే" అంటే "ఇప్పుడే తిన్నాను అమ్మమ్మా" అనేది. 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది మగవాళ్ళని ఆరు నెలలపాటు సుమారు సగం తిండి మీద ఉంచి చూశారు. అందరూ ఆరోగ్యవంతులే, ఇష్టపడి వచ్చినవాళ్ళే. వాళ్ళలో కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారట, ఎప్పుడూ తిండి కబుర్లేనట. అది చదివాక గానీ మా పిల్ల వంటింటి మోజు ఏమిటో నాకు తెలియలేదు. అది ఆకలి, అమ్మా. కడుపు నిండా ఆకలి.

ఇక్కడే గిడుగు గారు గుర్తొచ్చారు. 1873లో లండన్‌లో గల్, పారిస్‌లో లాసేగ్ అనే డాక్టర్లు, ఆకలి ఉండీ తినని ఈ జబ్బు గురించి చెప్పారు. అనొరెక్సియా అన్నారు, అంటే ఆకలి లేకపోవడం. పేరులోనే పొరపాటుంది! దాన్ని మనవాళ్ళు ఏ క్షుధానాశమనో సంస్కృతంలో తిప్పితే ఏ తల్లికి అర్థమవుతుంది? "తినడానికి భయపడుతోంది" అనండి, చాలు.

(బాబూ, కాఫీలు కాసేపాగి పంపండి, ఆ గ్లాసుల చప్పుడుకి నా మాట నాకే వినబడటం లేదు.)

ఇలాంటిదే ఇంకోటి, అతిగా తినేసి ఆనక కక్కేసే జబ్బు, దానికి బులీమియా నెర్వోసా అని పేరు పెట్టింది 1979లో. ఫిజీ దీవుల్లో బొద్దుగా ఉంటేనే అందం అనుకునే ఊళ్ళకి 1995లో టీవీ వచ్చింది. 1998లో పరిశోధకులు మళ్ళీ వెళ్ళి అడిగితే, బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామని బడి ఆడపిల్లల్లో 11 శాతం మంది చెప్పారు. అంతకుముందు అలా చెప్పినవాళ్ళే లేరు. మూడేళ్ళు, ఒక్క టీవీ! ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఏముందో చెప్పక్కర్లేదు. మగపిల్లలూ ఏం తక్కువ కాదు, డబ్బాల కొద్దీ పొడులు, అద్దం ముందు కండలు, అదీ ఇందులోదే.

మా చిన్నప్పుడు ఇవన్నీ లేవు అంటారు మా ఈడు వాళ్ళు. మా ఇంట్లో మగవాళ్ళు తిన్నాక గిన్నె అడుగున మిగిలింది మాది, ఒక్కోరోజు తరవాణే. పెళ్ళిచూపుల్లో మా నాన్న "మా అమ్మాయికి తిండి యావ లేదండీ" అని గొప్పగా చెప్పారు. అప్పుడు లేక తినలేదు, ఇప్పుడు ఉండీ తినడం లేదు. తక్కువ తినే ఆడపిల్లని మెచ్చుకోవడం మాత్రం అలాగే ఉంది, నేనే సాక్ష్యం.

మా పిల్లకి నెలసరి ఆగిపోయింది. ఎండాకాలంలో చలి అంటూ దుప్పటి కప్పుకునేది, చేతుల మీద మెత్తటి నూగు వచ్చింది. మొదట చూపించిన చోట గ్యాస్ అని సిరప్ రాశారు, రెండు నెలలు అలాగే పోయాయి. బరంపురంలో డాక్టరమ్మ నాడి పట్టుకుని నిమిషానికి 44 సార్లే కొట్టుకుంటోంది అంది, వెంటనే ఈసీజీ తీయించింది. ఇంటికొచ్చి నేను గబగబా నేతి అన్నం కలపబోతే ఆపింది కూడా ఆవిడ చెప్పిన మాటే: అన్నాళ్ళు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో లవణాలు తారుమారై గుండెకే ముప్పు, చెప్పిన లెక్కన నెమ్మదిగా పెంచాలి.

ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి గుర్తులుంటే డాక్టరుకి చూపించండి. దిగులూ టెన్షనూ ఉంటే టెలీ మానస్ అని మనసు బాధలకి సర్కారు వాళ్ళ ఫోన్ సాయం ఉంది, దానికి ఫోన్ చెయ్యండి, 14416, డబ్బు అడగరు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఇప్పుడు భోజనాలు. మా పిల్ల వడ్డన దగ్గరే ఉంది, తర్వాత నా పక్కన కూర్చుంటుంది. దాని విస్తట్లోకి ఎవరూ చూడకండి. చిక్కావనీ, ఒళ్ళు చేశావనీ కూడా అనకండి. గిడుగు గారి గురించి మిగిలింది నా తర్వాత మాస్టారు చెబుతారు.