లీడరమ్మ పని చాప మీదుంది

(మహిళా పొదుపు సంఘాల మండల సమాఖ్య మహాసభలో గ్రామ సంఘాల కొత్త పాలకవర్గాల ముందు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న అధ్యక్షురాలు గారికి, బ్యాంకు మేనేజరు గారికి, మండలంలో సంఘాల పని చూసే ఏపీఎం గారికి, ఇంటిపని ముగించుకుని పొద్దున్నే బస్సెక్కి వచ్చిన లీడరమ్మలందరికీ నమస్కారం. నాయకురాలిగా మీ పనికి అర్థం ఏమిటో చెప్పమన్నారు. 12 మంది ఉన్న ఒక పొదుపు సంఘం తీర్మానాల పుస్తకంతో మొదలుపెడతాను.

పేజీ తిప్పితే 12 మంది హాజరు, 12 సంతకాలు. ముందు నెలదీ అంతే, ఆ ముందు నెలదీ అంతే. మూడు నెలల రాతా ఒకే పెన్నుతో ఉంది. అప్పు అడిగినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. అంటే సమావేశం జరగలేదమ్మా, పుస్తకమే ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకుంది. మన సంఘాలకు పట్టిన చీడ ఇదే.

ఎందుకిలా అవుతుంది? లీడరు బ్యాంకుకీ మండలాఫీసుకీ తిరిగి తిరిగి అలిసిపోతుంది. ఆ తిరుగుడే నాయకత్వం అనుకుంటుంది. సభ్యులు కూడా 'అన్నీ అక్కే చూసుకుంటుంది' అని ఇంట్లో కూర్చుంటారు. రెండేళ్లకు అక్కకు విసుగొస్తుంది. 'ఎవరి కోసం ఈ చాకిరీ?' అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు ఆఫీసుల్లో దొరకదు.

లెక్క చూడండి. ఆస్పత్రి ఖర్చుకు ఒకామె 20,000 బయట తెచ్చింది, నూటికి 3 రూపాయల వడ్డీ. నెలకు 600. అదే సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుంటే 200. నెలకు 400 మిగులు, అసలు అలాగే ఉంటే ఏడాదికి 4,800. ఆమె నోరు తెరిచి అడగాలంటే సమావేశం జరగాలి. మీ పనికి అర్థం ఆ 400లో ఉంది.

బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకిచ్చే అప్పు, 6 లక్షలు వచ్చాయనుకోండి. తలా 50,000 పంచేస్తారు, గొడవుండదని. రెండు గేదెలు కొనాలనుకున్నామెకు 50,000 చాలవు, మిగతాది బయట తెస్తుంది. అవసరం లేనామె తన వాటా వేరేవాళ్లకు వడ్డీకి తిప్పుతుంది. వాళ్లు ఎగ్గొడితే ఈమె కంతు ఆగుతుంది. బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది, కొత్త అప్పు 12 మందికీ ఆగుతుంది. సమంగా పంచడం న్యాయంలా కనిపిస్తుంది, కానీ కాదు. అవసరం ఎంతో, కట్టే శక్తి ఎంతో ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాకే పంచాలి.

దూబగుంట పేరు ఎత్తకుండా ఉండలేను, మన్నించండి. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా సంగతి మాట్లాడుకున్నారు, దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి లెక్కన పొదుపు ఊపందుకుంది. వాళ్లు ముందు చేసింది కలిసి కూర్చుని మాట్లాడుకోవడమే! మనం కూర్చోవడమే మానేస్తున్నాం. ఎందుకు మానేస్తున్నాం అమ్మా, మీరే చెప్పండి.

కూర్చుంటే ఇలా చేయండి. హాజరు వేసి, గత తీర్మానం పైకి చదవండి. పొదుపు, కంతు ఎవరిది వాళ్లే చాప మధ్యలో పెట్టాలి. ఎంత ఇచ్చారో పైకి చెబుతూ క్యాష్ బుక్‌లోనూ ఆమె పాస్‌బుక్‌లోనూ అక్కడికక్కడే రాయించండి, ఇంటికెళ్లి రాయొద్దు. ఆ తర్వాత అప్పులు: ఎంత, దేనికి, ఎన్ని కంతులు. మాట్లాడనామెను పేరు పెట్టి పిలిచి అడగండి. తీర్మానం చదివి వినిపించాకే సంతకాలు. లేవబోయే ముందు చేతిలో నగదు అందరి ఎదుటా లెక్కపెట్టండి.

పాస్‌బుక్కులన్నీ లీడరు బీరువాలో ఉంటే ఈరోజే తిరిగిచ్చేయండి. డబ్బు డ్రా చేసేటప్పుడు మీతోపాటు వేరే సభ్యురాలిని తీసుకెళ్లండి, ప్రతిసారీ కొత్తామెను. వచ్చే నెల సమావేశం రెండో లీడరు నడపనివ్వండి. మీరు పక్కన కూర్చోండి, ఆమె తడబడినా మధ్యలో అందుకోవద్దు. మూడు నెలలు అలా నడిపిందంటే, మీ పదవీకాలం అయ్యేసరికి సంఘం ఆమె చేతుల్లో ఉంటుంది.

మేనేజరు గారికి ఒక మనవి. అప్పు మంజూరుకు ముందు ఒక్కసారి సంఘం సమావేశానికి రండి. లీడరుని కాదు, చివర కూర్చున్నామెను అడగండి, సంఘం అప్పు ఎంతుందని.