గాలి తగలకుండా బీర్‌ని కెగ్‌లోకి మార్చడం: ఏ పద్ధతి మేలు?

అందరికీ నమస్తే. బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఇంట్లో బీర్ చేసుకునే మన తెలుగువాళ్ళు తరచూ ఒకటే అడుగుతున్నారు. ఫర్మెంటర్‌లో (బీర్ పులిసే పాత్ర) ఘుమఘుమలాడిన బీర్ కెగ్‌లోకి (బీర్ నిల్వ చేసే మూత బిగించే డబ్బా) వెళ్ళాక ఎందుకు చప్పబడుతోంది అని. చాలాసార్లు కారణం ఆక్సిజనే. పులియడం అయిపోయాక గాలి తగిలితే ముందు బీర్‌కి వేసే హాప్స్ అనే పూల వాసన పోతుంది, తర్వాత తడి అట్టపెట్టె రుచి వస్తుంది. హాప్స్ ఎక్కువ వేసి చేసే, మబ్బుగా ఉండే హేజీ ఐపీఏ రకం బీర్ అయితే రంగు కూడా మట్టిరంగుకి దిగిపోతుంది.

ఈరోజు రెండు పద్ధతులు చూద్దాం. ఒకటి సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్, ఒత్తిడితో బీర్‌ని తోసేది. రెండోది ఫర్మెంటర్‌ని బల్ల మీద, కెగ్‌ని కింద పెట్టి దానంతట అదే దిగేలా చేసేది.

దేనికైనా ముందు కెగ్‌లో గాలి లేకుండా చేయాలి. చాలామంది కాస్త సీఓటూ కొట్టి, వాల్వు లాగి, అయిపోయింది అనుకుంటారు. లెక్క చూడండి. 30 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా నింపి వదిలితే ఆక్సిజన్ సుమారు మూడో వంతుకి తగ్గుతుంది. అంటే 21 శాతం కాస్తా 7 అవుతుంది. ఇంకోసారి చేస్తే రెండు చిల్లర. బీర్‌కి అది కూడా చాలా ఎక్కువ.

అందుకే కెగ్‌ని శానిటైజర్ నీళ్ళతో అంచుదాకా నింపి మూత బిగించండి. ఇదిగో, ఇక్కడ దగ్గరగా చూడండి. మూత కింద ఇంకా గాలి దాక్కుని ఉంటుంది. మూత మీద ఒత్తిడి వదిలే రిలీఫ్ వాల్వు లాగి పట్టుకుని, కెగ్‌ని అటూ ఇటూ కదుపుతూ, లిక్విడ్ పోస్ట్‌లోంచి (కెగ్ అడుగుదాకా గొట్టం ఉన్న కనెక్షన్) ఇంకాస్త నీళ్ళు ఎక్కించండి. వాల్వులోంచి నురగ ఆగి నీళ్ళు రావాలి. అప్పుడు గ్యాస్ పోస్ట్‌కి (కెగ్ పైభాగంలోకి గ్యాస్ వెళ్ళే కనెక్షన్) సీఓటూ కలిపి, లిక్విడ్ పోస్ట్‌లోంచి నీళ్ళన్నీ బకెట్‌లోకి తోసేయండి. పారబోయకండి, ఇంకో కెగ్‌కి పనికొస్తాయి. గ్యాస్ వాడేటప్పుడు కిటికీలు తీసి ఉంచడం మరవకండి.

ఇక ఒత్తిడి పద్ధతికి ప్రెషర్ తట్టుకునే ఫర్మెంటర్ కావాలి, ఖర్చు ఎక్కువ. గాజు కార్బాయ్‌కి (పులియబెట్టే పెద్ద సీసా) మాత్రం ఎప్పుడూ ఒత్తిడి పెట్టకండి, పగిలితే ప్రమాదం.

నా ఓటు రెండోదానికే. 18 లీటర్ల బీర్ కిందికి దిగితే పైన అంత చోటూ ఖాళీ అవుతుంది కదా, ఫర్మెంటర్ మూత మీద గ్యాస్ బయటికి వదిలే ఎయిర్‌లాక్ తెరిచి ఉంటే అక్కడికి గది గాలి వచ్చేస్తుంది. కెగ్‌లో ఒత్తిడి వదిలేసి, గ్యాస్ పోస్ట్ నుంచి ఒక ట్యూబ్‌ని ఫర్మెంటర్ మూతకి కలపండి. బీర్ లిక్విడ్ పోస్ట్‌లోంచి అడుగున చేరుతుంటే, కెగ్‌లోని సీఓటూ పైకెళ్ళి ఆ ఖాళీని నింపుతుంది. బీర్ ట్యూబ్‌ని ఫర్మెంటర్ ట్యాప్‌కి తగిలించే ముందు దాంట్లోంచి కూడా కాస్త సీఓటూ పోనివ్వండి.

హాప్స్ బాగా దట్టించేవాళ్ళకి మాత్రం ఇందులో ట్యూబ్ మూసుకుపోయే ఇబ్బంది ఉంది. వాళ్ళు బీర్ మీద తేలుతూ పైనుంచే లాగే ఫ్లోటింగ్ డిప్ ట్యూబ్ ఉన్న ప్రెషర్ ఫర్మెంటర్‌కి డబ్బు పెట్టినా తప్పులేదు. పైనున్న తేట బీర్ ముందు వస్తుంది.

కెగ్ ఎంత నిండిందో తెలియాలంటే బరువు చూసే మిషన్ మీద పెట్టండి. 19 లీటర్ల కెగ్ అయితే 18 కిలోలు పెరగగానే ట్యాప్ కట్టేయండి. ఆ తర్వాత 4 డిగ్రీల ఫ్రిజ్‌లో, 10 నుంచి 12 పీఎస్ఐ దగ్గర వారం పది రోజులు ఉంచితే గ్యాస్ పడుతుంది.