వడ్డీకి తెస్తే పరువు, సాయం అడిగితే సిగ్గా?

(కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయ వార్షికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, షామియానా చివర ఎండలో నిలబడ్డవాళ్ళకు నమస్కారం. పేరుపేరునా పలకరించే పని నాకు ముందు మాట్లాడినవారు పూర్తిచేశారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఆహ్వాన పత్రికలో నా పేరు కింద ‘పుస్తక పఠనం – నేటి యువత’ అని వేశారు. యువత పుస్తకాలు తెరవడం లేదని ఇందాకటి నుంచి అందరూ బాధపడుతున్నారు. నేను బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. ఈ చుట్టుపక్కల ఇళ్ళలో పిల్లలు తెరవడానికి భయపడే పుస్తకం ఒకటుంది, అది చదువు అప్పు పాస్‌బుక్కు. క్షమించండి, నేను దాని గురించే మాట్లాడతాను.

మా శాఖకు ఒక దింపు కార్మికుడు వచ్చేవాడు. తెల్లవారుజామునే కొబ్బరిచెట్లెక్కి, పదకొండింటికి మా కౌంటరు దగ్గర నిలబడేవాడు. చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన నోట్లు తీసి, ఒక్కొక్కటీ అరచేత్తో సాపు చేసి ఇచ్చేవాడు. కూతురి ఇంజనీరింగు అప్పుకు వాయిదా అది. ఒక్క నెల తప్పలేదు. ఇలాంటి ఖాతాదారులుంటే చాలని మా సిబ్బంది అనుకునేవారు.

ఒకరోజు జేబురుమాల్లో భార్య గాజులు మూటకట్టుకుని వచ్చాడు. బంగారం మీద అప్పు కావాలన్నాడు. ఎందుకయ్యా అంటే, ప్రోనోటు తీర్చాలన్నాడు. ఆ ప్రోనోటు ఎందుకు రాశావంటే తల దించుకున్నాడు. మా వాయిదాలు కట్టడానికేనట! అమ్మాయికి ఉద్యోగపు ఉత్తర్వు ఇచ్చిన కంపెనీ చేర్చుకోవడం వాయిదా వేస్తూ పోయింది. అమ్మాయికేమో ‘బ్యాంకు వాళ్ళు కొన్నాళ్ళు ఆగుతామన్నారులే’ అని చెప్పి, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మాకు కడుతున్నాడు. మా వడ్డీ ఏడాదికి 10 శాతం. దాన్ని తీర్చడానికి 24 శాతానికి తెచ్చాడు.

“మా దగ్గరికి వచ్చి అడగవచ్చు కదా” అన్నాను.

“ఎవరి ముందూ చేయి చాచకుండా బతికినవాణ్ణి మేడం గారూ” అన్నాడు.

నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి ఇదే. వడ్డీ వ్యాపారి ముందు చాచింది చేయి కాదా? అది రాత్రిపూట, గుమ్మం లోపల, స్టాంపు అంటించిన కాగితం మీద కాబట్టి పరువా? పట్టపగలు బ్యాంకుకు వచ్చి ‘నా కూతురికి ఉద్యోగం రాలేదు, గడువివ్వండి’ అంటే పరువు తక్కువా? మన పెళ్ళిళ్ళు చూడండి. చదివింపులు మైకులో చదివించుకుంటాం. పుస్తకంలో రాసుకుంటాం. వాళ్ళింట్లో శుభకార్యమైతే అంతకు తగ్గకుండా ఇస్తాం. ఊరంతా కలిసి ఒక ఇంటి ఖర్చు మోసే ఏర్పాటు అది, అందులో ఎవరికీ సిగ్గు లేదు. చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలుపులేసుకుంటాం.

ముందు ఇలా లేదండీ. డొక్కా సీతమ్మ గారి లంకల గన్నవరం మన కోనసీమలోదే కదా! ఆకలితో వచ్చినవాడిని ఆవిడ ఏమీ అడగకుండా విస్తరి వేసింది. వారాలు చేసుకుని, సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట తిని చదువుకున్నవాళ్ళు ఆ తరువాత ప్లీడర్లయ్యారు, మేష్టర్లయ్యారు, ఆ సంగతి మనవళ్ళకు గొప్పగా చెప్పుకున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళింది ఎవరి డబ్బుతో? మామగారు పోగుచేసి ఇచ్చారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆదుకుంటామంది. అక్కడ ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి చదువు సాగించారాయన. తరువాత ఆయన ఆధ్వర్యంలో వచ్చిన మందుల్లో డీఈసీ ఒకటి. బోదకాలు రాకుండా ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి దగ్గరుండి మింగిస్తుందే, ఆ మాత్ర. ఆ డబ్బు ఎక్కడెక్కడ తిరిగి మన ఇళ్ళకు చేరిందో చూడండి.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఐదు నిమిషాల్లో ముగిస్తాను, కానీ లెక్క చెప్పకుండా దిగను. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్ళు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకోండి. చదువుకాలం, ఆపైన ఒక ఏడాది కట్టనక్కర్లేదంటారు. కట్టనక్కర్లేదు కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మొదటి లక్షకు 50 వేలు, రెండోదానికి 40, మూడోదానికి 30, నాలుగోదానికి 20. కట్టడం మొదలయ్యే రోజుకు 4 లక్షలు కాస్తా 5 లక్షల 40 వేలు! ఇది సంతకం పెట్టించుకున్నప్పుడు ఎవరూ తెలుగులో చెప్పరు. ఆ తండ్రి చేత ఇరవై చోట్ల సంతకాలు పెట్టించారు, ఒక్క పేజీ చదివి వినిపించలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, వృత్తివిద్యా కోర్సు చదివితే ఆ కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం 2009 నుంచి ఉంది. ఆదాయ ధ్రువపత్రం ఇవ్వాలని తెలియక ఎందరు వదులుకున్నారో!

ఆ 5.40 లక్షలు పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 7,100 పైచిలుకు. పదిహేనేళ్ళకు పొడిగిస్తే 5,800. మొత్తం మీద వడ్డీ ఇంకో 1.9 లక్షల దాకా పెరుగుతుంది, అదీ దాచను. కానీ రెండు రూపాయల వడ్డీ కంటే నయం కాదా? ఉద్యోగం లేని కాలంలో వాయిదాలు ఆపడానికి బ్యాంకుల సంఘం నమూనా పథకంలోనే వీలుంది. తెల్లకాగితం మీద రాసి ఇవ్వాలి. అదీ 90 రోజుల బకాయి పడి ఖాతా మొండిదయ్యేలోపు ఇవ్వాలి. రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి, పైసా ఖర్చు లేదు. వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయకూడదు. చేస్తే టైము రాసుకోండి.

మా దింపు కార్మికుడి సంగతి సగంలో వదిలేశాను. గాజులు వెనక్కి పంపాను. కాగితం రాయించి వాయిదా తగ్గించాం. ప్రోనోటు మాత్రం మిగిలింది. బలవంతం చేస్తే బావమరిదికి ఫోను చేశాడు. అవతలి నుంచి కేకలు నాకు కూడా వినిపించాయి: “ఇన్నాళ్ళూ చెప్పకుండా ఏం చేస్తున్నావు బావా?” వారంలో చేబదులు పంపాడు, వడ్డీ మాట లేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం పదింటికి ఈ గ్రంథాలయం వరండాలో కూర్చుంటాను. మంజూరు పత్రం, పాస్‌బుక్కు, బ్యాంకు పంపిన నోటీసులు తెచ్చుకోండి. కవరు చింపకుండా బీరువాలో పెట్టినవి కూడా తెండి, ఇక్కడ చింపుదాం. పిల్లలకు ఒక మాట. నాన్నను ఒక్కరినే పంపకండి. ఆ పత్రం మీద మొదటి సంతకం మీదే.