ఎడమవైపు బోల్టుకు ఉల్టా మర లేదు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న మెకానిక్ సోదరులకు నమస్కారం. జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. ఆ సందర్భంగా 'సైకిలు – పర్యావరణం' మీద మాట్లాడమన్నారు. పర్యావరణం గురించి నా ముందువాళ్లు చక్కగా చెప్పేశారు. నేను క్రాంకు బోల్టు గురించి చెబుతాను. పెడల్ తగిలించి ఉండే చేయి క్రాంకు; దాన్ని మధ్యలోని ఇరుసుకు, అంటే యాక్సిల్‌కు, బిగించేది ఈ బోల్టు. నవ్వకండి. ఆ ఒక్క బోల్టు ఊడక మెట్ల కింద మూలపడ్డ సైకిళ్లు మనలో ఎవరింట్లో లేవు?

పాత రోడ్‌స్టర్ సైకిళ్లలో క్రాంకును పట్టి ఉంచే కాటర్ పిన్ను అనే మేకు జోలికి ఇవాళ పోను, దాని దారి వేరు. చదరపు యాక్సిల్ ఉన్న గేర్ల సైకిళ్ల సంగతే చెబుతాను. బోల్టు మీది దుమ్ము మూత, అదే డస్ట్ క్యాప్, తీస్తే లోపల 8 మి.మీ. మర బోల్టు ఉంటుంది. తలకు ఎక్కువగా 14 మి.మీ. సాకెట్ పడుతుంది, లేదంటే 8 మి.మీ. అలెన్ కీ.

అసలు బాధ ఇక్కడుంది. ఎడమ పెడల్‌కు ఉల్టా మర, అంటే మామూలుకు ఎదురు దిక్కులో తిప్పితే ఊడే మర, అని అందరికీ తెలుసు. ఆ తెలివే కొంప ముంచుతోంది. ఎడమవైపు బోల్టు కూడా అంతే అనుకుని, పైపు తొడిగి మరీ తిప్పుతారు. తిప్పేది ఊడదీయడానికి కాదు, బిగించడానికి! ఆ తర్వాత బోల్టు పట్టేసిందని తుప్పును తిడతారు. అయ్యా, రెండు వైపులా మామూలు మరే. దిక్కు తికమకైతే ఇలా గుర్తుపెట్టుకోండి: కుడివైపు పానా పిడి వెనక చక్రం వైపు ఉంచి కిందికి నొక్కండి. ఎడమవైపు పిడి ముందు చక్రం వైపు ఉంచి కిందికి నొక్కండి. వెనక వరుసవాళ్లకు వినిపించిందా? ఎడమవైపు, ముందు చక్రం వైపు, కిందికి.

నొక్కితే క్రాంకు కూడా తిరిగిపోతుంది. అందుకని క్రాంకును వెనక్కి తిప్పి, చైన్‌స్టేకు, అంటే వెనక చక్రం ఇరుసు దాకా పోయే ఫ్రేము గొట్టానికి, ఆనించి పాత ట్యూబు ముక్కతో గట్టిగా కట్టేయండి. చైనును ముందున్న పళ్ల చక్రాల్లో పెద్దదాని మీదికి ఎక్కించండి, పానా జారితే వేళ్లు చీరుకుపోకుండా. సాకెట్ ఆరు మూలలదే వాడండి. పన్నెండు మూలలది తుప్పు తల మీద జారి, ఉన్న మూలలు కూడా నున్నగా చేసేస్తుంది. అలెన్ గుంటలో మట్టి ఉంటే సూదితో గీకి, కీని సుత్తితో అడుగుదాకా దిగగొట్టండి. పిడికి అరవై సెంటీమీటర్ల పైపు తొడిగి, కుదుపు లేకుండా బరువు వేయండి.

అప్పటికీ కదలకపోతే సైకిలును పక్కకు పడుకోబెట్టి, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచండి. మర యాక్సిల్ లోపల ఉంటుంది కాబట్టి నూనె వెంటనే చేరదు. మధ్యమధ్య బోల్టు తల మీద సుత్తితో చిన్నగా తట్టండి. మరకు జిగురు వేసి బిగించిందైతే నూనె పనిచేయదు, వేడి కావాలి. హీట్ గన్ చాలు. మంట పెడితే రంగు పోతుంది, బేరింగు సీళ్లు కరుగుతాయి.

తల పూర్తిగా నున్నగా అయిపోయిందా? డ్రిల్లుతో తల ఎగరగొట్టి క్రాంకు లాగేయండి. క్రాంకు ఒత్తిడి పోయాక మిగిలిన ముక్క తరచూ పట్టకారుకే వచ్చేస్తుంది.

బోల్టు ఊడాక సంబరపడి వెంటనే పుల్లర్, అంటే క్రాంకును యాక్సిల్ మీంచి లాగే పనిముట్టు, ఎక్కించకండి. లోపల వాషరు ఉండిపోతుంది, చాలామందికి అది కనపడదు. పుల్లర్ మొన యాక్సిల్‌కు బదులు వాషరును నెడుతుంది, క్రాంకులోని మర మొత్తం ఊడి చేతికొస్తుంది. టార్చి వేసి చూడండి. పుల్లర్‌ను ముందు చేత్తోనే, మర పూర్తిగా పట్టేదాకా తిప్పండి.

తిరిగి బిగించేటప్పుడు బోల్టు మరకు, తల కింద గ్రీజు రాయండి. బిగింపు 35–40 న్యూటన్ మీటర్లు. బిగింపు కొలిచే టార్క్ పానా లేకపోతే, ఇరవై సెంటీమీటర్ల పిడి చివర పద్దెనిమిది, ఇరవై కిలోల బరువు వేసినట్టు లెక్క. చాలని బిగింపుతో తొక్కితే క్రాంకులోని చదరపు రంధ్రం అరిగి గుండ్రమైపోతుంది, ఆ తర్వాత కొత్త క్రాంకే కొనాలి. మొదటిసారి తొక్కి వచ్చాక రెండు బోల్టులూ మరోసారి పానా వేసి చూసుకోండి.

స్టాండు మీద ఒక సైకిలుంది. ఎడమ బోల్టు ఎవరు తీస్తారు? రండి.