ఒప్పుకుంటే అయిపోతుందా?

సభాధ్యక్షులకు, తోటి న్యాయవాదులకు, కిరాయిలు వదులుకొని వచ్చిన ఆటో, లారీ, డీసీఎం డ్రైవర్లకు, కాలేజీ విద్యార్థులకు నమస్కారం.

నల్లగొండ కోర్టు వరండాలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట "ఒప్పుకుంటే అయిపోతది గద సార్" అన్నది. పెట్టీ కేసు సమను పట్టుకొని వచ్చినవాళ్లలో ఏ సెక్షను పెట్టారని అడిగేవారు అరుదు, ఎంత కట్టాలని అడిగేవారే అందరూ. ఒక రోజు కూలి పోగొట్టుకొని దేవరకొండ నుంచో మునుగోడు నుంచో బస్సెక్కి వచ్చిన మనిషికి ఆ తొందర సహజమే, నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఒప్పుకోవడం అనే ఒక్క మాట కింద చట్టంలో ఒకదానికొకటి పొంతనలేని పనులున్నాయి; వాటిలో కొన్ని నిజంగానే అక్కడితో అయిపోతాయి, కొన్ని ఆ రోజే మొదలవుతాయి. ఏది ఎటువంటిదో చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

మొదట అందరికీ తెలిసిన చలాను సంగతి చూద్దాం. హెల్మెట్ లేదని మన బండ్ల మీద పడుతూ వచ్చిన చలానులో 100 రూపాయల జరిమానా, దాని మీద 35 రూపాయల సేవా రుసుము ఉండేవి. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు పార్లమెంటు అదే తప్పుకు 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలపాటు లైసెన్సుపై అనర్హత అని రాసింది. ఈ రెండు అంకెలకూ ఇంత తేడా ఎందుకంటే, మనం మీసేవలోనో ఫోనులోనో కట్టేది కోర్టు వేసిన శిక్ష కాదు, 200వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన రాజీ రుసుము. అది కడితే కేసు కోర్టుకు పోదు, మీకు శిక్ష పడినట్టూ కాదు. ఇంతవరకు "అయిపోతది" అన్న మాట నిజమే.

అయితే 2019 సవరణ అదే సెక్షనుకు ఒక చిన్న తోకను తగిలించింది, దాన్ని చదివినవారు తక్కువ. రాజీ రుసుము కట్టినా సరే, మళ్లీ అదే తప్పు చేసినప్పుడు అది రెండోసారి చేసిన తప్పా కాదా అని తేల్చడానికి పాత దానిని కూడా లెక్కలోకి తీసుకోవాలని అందులో ఉంది. అంటే డబ్బు పరంగా తీరిన చలాను లెక్క పరంగా తీరదు. రోజూ బండి మీదే బతికేవారు, ముఖ్యంగా లైసెన్సే అన్నం పెట్టేవారు, ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలి.

రాయితీల గురించి కూడా ఇక్కడే నా అభిప్రాయం చెబుతాను. 2022 మార్చిలో పాత చలాన్ల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26న మొదలైన రెండో విడతలో ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకూ లారీలకూ 60 శాతం, ఆర్టీసీ బస్సులకు 90 శాతం తగ్గించి, గడువును పొడిగిస్తూ 2024 ఫిబ్రవరి 15 దాకా నడిపారు. విడివిడిగా ఏ కేసులోనూ బేరానికి చోటివ్వని వ్యవస్థ రాష్ట్రం మొత్తంతో ఒకేసారి బేరమాడింది. బకాయిలు వసూలై ఉండవచ్చు, కాదనను. కానీ చలాను పడ్డ వారంలోనే పూర్తి సొమ్ము కట్టినవాడు తనను తాను తెలివితక్కువవాడిగా అనుకునే పరిస్థితి వచ్చింది, ఆగితే తగ్గుతుందన్న ఆశ అందరిలో నాటుకుంది. ఆ ఆశతో చలాన్లు పేర్చుకొని కూర్చోవద్దు; బండి ఆపిన ప్రతిసారీ ఆ చిట్టా తెర మీదికి వస్తుంది.

మీది కాని తప్పుకు చలాను వస్తే ఏం చేయాలన్నది నన్ను తరచూ అడిగే ప్రశ్న. ఒక రైతు మూడేళ్ల కింద మోటారు సైకిలును అమ్మి, తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకొని ఊరుకున్నాడు. కొన్నవారు పేరు మార్పించుకోలేదు. హైదరాబాదులో పడ్డ చలాన్లన్నీ ఇతని పేరిటే చేరాయి. కెమెరాకు కనబడేది నంబరు పలక, దాని వెనక రిజిస్టరులో ఉన్న పేరు. అందుకే 50వ సెక్షను, రాష్ట్రం లోపలి అమ్మకమైతే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని అమ్మినవానికి, 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలని కొన్నవానికి చెబుతుంది. ఇక ఎవరో మీ నంబరును తమ బండికి తగిలించుకొని తిరుగుతుంటే, చలానులోని ఫొటోను మీ బండితో పోల్చి, రంగు, మోడల్, పలక మీది అక్షరాల తీరు చూపిస్తూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వంద రూపాయలే కదా అని కట్టేస్తే, ఆ బండి రేపు ఏ ప్రమాదంలోనో దొరికినప్పుడు మీరు చెప్పుకోవడానికి ఉన్న ఆధారాన్ని మీ చేతులతోనే బలహీనం చేసుకున్నవారవుతారు.

కెమెరా చలాన్లకు 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ నియమాన్ని తెచ్చింది. కెమెరాకు ధ్రువీకరణ ఉండాలి, దాన్ని ఏటేటా పునరుద్ధరించాలి, ముందు కెమెరా ఉందని బోర్డు పెట్టాలి, తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. వేగం చలాను మీద అభ్యంతరం చెప్పదలచినవారు ఈ నియమం నుంచే మొదలుపెట్టాలి.

ఇక రోడ్డు మీది సంగతి. 65వ నంబరు జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దగ్గరైనా, 44వ రహదారి మీద జడ్చర్ల దగ్గరైనా, మన గడియారం సెంటర్లోనైనా యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపడం 130వ సెక్షను ప్రకారం మీ బాధ్యత. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న పత్రం కూడా చెల్లుతుంది. లైసెన్సు లేకుండానో రిజిస్ట్రేషను లేకుండానో నడిపితే 207వ సెక్షను కింద బండినే నిలుపుదల చేసే అధికారం వారికి ఉంది; కదులుతున్న బండి తాళంచెవి గుంజుకోవాలని మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. అదే సమయంలో మన వైపు మర్యాద గురించి కూడా చెప్పాలి. ఎర్రటి ఎండలో ఎనిమిది గంటలు నిలబడ్డ కానిస్టేబులుకు మొదటి మాటగా ఫలానా నాయకుని పేరు వినిపించడం, లేదా ఫోను తీసి చేతికివ్వబోవడం మన దగ్గర ఒక అలవాటైంది. మర్యాదగా బండి పక్కకు ఆపి, ఏ తప్పుకు ఆపారో అడిగి, చలాను రాయమనడం కన్నా క్షేమకరమైన దారి నాకు ఇప్పటిదాకా కనబడలేదు.

తాగి నడిపిన కేసు పూర్తిగా వేరు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు మించితే 185వ సెక్షను. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. మరోసారి దొరికితే రెండేళ్ల దాకా జైలు గానీ, 15,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. ఈ సెక్షను 200లోని రాజీ జాబితాలో లేదు. కాబట్టి దీన్ని రోడ్డు మీద డబ్బుతో తీర్చే అధికారం ఏ హోదా పోలీసుకూ లేదు. అలా తీరుస్తానన్నవారు అడుగుతున్నది లంచం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడు కూడా నేరస్థుడే. బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి, దానికి అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064. ఊదనని మొండికేస్తే తప్పించుకోవచ్చని కొందరు అనుకుంటారు. సరైన కారణం చూపకపోతే ఆ నిరాకరణనే ప్రాసిక్యూషను తన సాక్ష్యానికి బలంగా వాడుకోవచ్చని 205వ సెక్షను చెబుతోంది. మరోవైపు, ఈ నేరం కింద అరెస్టు చేసినవారికి రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరిపించాలి, లేకపోతే వదిలిపెట్టాలి. యంత్రం చూపిన అంకెను మీరూ చూడండి, చీటీ అడగండి.

ఈ కేసులో మెజిస్ట్రేటు ముందు చేయి జోడించి "ఒప్పుకుంటున్న సార్" అన్నారంటే, అది చలాను కట్టడం కాదు, నేర నిర్ధారణ. జరిమానా రసీదు జేబులో పెట్టుకొని బయటికి వచ్చిన కుర్రవాడు అక్కడితో మరిచిపోతాడు. నాలుగేళ్ల తర్వాత అమెరికా వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అన్న ప్రశ్న దగ్గర అతనికి ఈ రోజు గుర్తుకొస్తుంది.

చిన్న తప్పులకు కోర్టుకు రాకుండానే ఒప్పుకునే వెసులుబాటు 208వ సెక్షనులో ఉంది: సమనులో కోర్టు చెప్పిన మొత్తాన్ని మనియార్డరు చేసి నేరం ఒప్పుకోవచ్చు. మనియార్డరు అన్న మాట ఈ కాలం పిల్లలకు వివరించాల్సి రావడం వేరే సంగతి.

ఇక ప్లీ బార్గెయినింగ్, అంటే ముద్దాయి నేరం ఒప్పుకొని శిక్ష తగ్గేలా ఒప్పందానికి రావడం, వీటిలో ఏదీ కాదు. అది మన చట్టంలోకి 2006 జూలై 5 నుంచి అమల్లోకి వచ్చింది, ఇప్పుడు నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలో 289వ సెక్షను నుంచి ఉంది. ఏడేళ్లకు మించని శిక్ష గల నేరాలకే, అదీ స్త్రీలపై, పిల్లలపై జరిగినవి కాకుంటేనే వర్తిస్తుంది. డ్రైవర్లకు ఇది పనికొచ్చే చోటు ప్రాణం పోయిన ప్రమాద కేసు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల దాకా శిక్ష. (ప్రమాదం చేసి పోలీసుకు చెప్పకుండా పారిపోయినవారికి పదేళ్ల దాకా శిక్ష పెట్టిన 106(2)ను, 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగి పెట్రోలు బంకుల ముందు మనమందరం బారులు తీరిన తర్వాత, అమలులోకి తేకుండా ఆపారు.) అభియోగం ఖరారైన 30 రోజుల్లోగా ముద్దాయే, స్వచ్ఛందంగా, దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పుడు ప్రాసిక్యూటరు, దర్యాప్తు అధికారి, మృతుని కుటుంబం, ముద్దాయి కూర్చొని పరిహారంతో సహా ఒక ఒప్పందానికి వస్తారు. కనీస శిక్ష లేని నేరంలో, గతంలో శిక్ష పడనివారికి, చట్టం చెప్పిన శిక్షలో ఆరో వంతే వేసే వీలుంది. ఒప్పందం కుదరకపోతే మీరు ఆ దరఖాస్తులో చెప్పిన మాటను మీ మీద మరో పనికి వాడకూడదు. ఇంత వివరంగా రక్షణలున్న దారిని మన కోర్టుల్లో వాడుకునేవారు చాలా తక్కువ. చివరికి సాక్షులు ఎదురు తిరిగితే కొట్టివేత, లేకుంటే శిక్ష అన్న జూదం మీదే మన డ్రైవర్లు ఏళ్లకేళ్లు వాయిదాలు తిరుగుతున్నారు. ఇందులో తప్పు మా న్యాయవాదులదే ఎక్కువ. మేము చెప్పడం లేదు.

పిల్లలను డల్లాస్ వైపు పంపిన తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక రెండు మాటలు చెబుతాను. టెక్సాస్‌లో వేగం టికెట్ మీద పెట్టే సంతకం నేరం ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకు హాజరవుతానన్న హామీ మాత్రమే. పరిమితిని మరీ మించకుండా ఉంటే, డ్రైవింగ్ భద్రతా కోర్సు చేసి కేసు కొట్టివేయించుకునే వీలు అక్కడ ఉంది. మిగతా బేరం ప్రాసిక్యూటరుతో కోర్టులోనే, రోడ్డు మీద పోలీసుతో కాదు. ఇంకో సంగతి మరింత ముఖ్యం. మన దగ్గర సారు ఆపితే దిగి, దగ్గరికి నడిచి వెళ్లి మాట్లాడటం గౌరవం. అక్కడ చెప్పకుండా కారు దిగడమే పోలీసుకు అనుమానం పుట్టిస్తుంది. చేతులు స్టీరింగ్ మీద పెట్టుకొని కూర్చోవాలి.

సమను వచ్చినవారు వకీలును పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం కోర్టు ఆవరణలోనే ఉంది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, ఆదాయం పరిమితి లోపు ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100. వెళ్లేటప్పుడు సమను కాగితాన్ని మడతలు విప్పి, సెక్షను రాసిన చోట గీత గీసి తీసుకెళ్లండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. చలాన్లు తెచ్చుకున్నవారు ముందుకు వస్తే ఒక్కొక్కటీ చూద్దాం.